తోక దాటనీ

ఆయన పోయి పదహారు రోజులైందని నాకు లాబీలో తెలిసింది. లాబీ అంటే మెత్తటి సోఫాలుండే చోటు కాదు. గూడ్సు డ్రైవర్లు బండి ఎక్కే ముందు వచ్చి సంతకం పెట్టి, తాగి రాలేదని ఒక గొట్టంలోకి ఊది, ఆ రోజు కాగితాలు తీసుకుని పోయే గది. వచ్చే నెల ట్రయల్‌కి అనుమతి కోసం అక్కడికి వెళ్లాను. అనుమతి ఇచ్చే మనిషి సీట్లో లేడు. ఉంటేనే ఆశ్చర్యం. ఇన్నేళ్ల పరిశోధనలో నేను నేర్చుకున్న విద్యల్లో గోడకి ఆనుకుని నిలబడటం ఒకటి కాబట్టి, నిలబడ్డాను.

సంతకం పెట్టి వెనక్కి తిరిగిన తపన్ నన్ను చూసి ఆగాడు. ఒకప్పుడు అసిస్టెంటు, ఇప్పుడు సొంతంగా గూడ్సు నడుపుతున్నాడు. బెంగాలీ మనిషి. ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే పేటలో మా తెలుగువాళ్ల మధ్య పెరిగాడు కాబట్టి మా భాష వస్తుంది, కాకపోతే అతని పద్ధతిలో వస్తుంది.

“దీదీ, మామా కర్మకి రానేదేటి? బాహర్ గయే థే క్యా, ఊల్లో నేరా?” అన్నాడు.

“ఏ మామా?” అన్నాను. ఏ మామో నాకు తెలుసు. తెలియనట్టు అడిగితే ఇంకెవరి పేరైనా చెబుతాడేమోనని అడిగాను.

తపన్ పేరు చెప్పలేదు. నిలబడినవాడు నిలబడినట్టే నడుము వెనక్కి నొక్కి, గడ్డం కొంచెం పైకెత్తి, ఎక్కడో వెనక జరుగుతున్నది వింటున్నట్టు ముఖం పెట్టాడు. ఒక్క క్షణం మావయ్యే వచ్చి నిలబడినట్టైంది. “నిద్దట్లోనే,” అన్నాడు తరవాత. “పెద్ద కష్టపడనేదు.” బండికి టైమవుతోందని పెట్టె తీసుకుని వెళ్లిపోయాడు.

నేను మీటింగుల కోసం నెల రోజులు ఊళ్లో లేను. అది నిజమే. ఊళ్లో ఉన్న రోజుల్లో కూడా ఆయన వీధికి వెళ్లడం మానేసి చాలా కాలమైంది. అదీ నిజమే. మొదటి నిజం చెప్పుకుని రెండోది దాచుకునే అలవాటు నాకు ఎలా వచ్చిందో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఆయన పేరు ఇక్కడ రాయను. నా వల్ల ఆ పేరు ఒకసారి రాయకూడని కాగితం మీదికి ఎక్కింది. మావయ్య అనే అంటాను. రక్తసంబంధం ఏమీ లేదు. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు, ఆయన గూడ్సు డ్రైవరు, ఇద్దరి తాతలూ శ్రీకాకుళం వైపు నుంచి ఒకే కాలంలో వచ్చి ఈ ఊళ్లో దిగినవాళ్లు. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో అంతకన్నా పెద్ద చుట్టరికం ఉండదు.

మావయ్యని ఎవరైనా ముందు గుర్తుపెట్టుకునేది ఆయన సైకిలు తొక్కే తీరుని బట్టి. తొక్కే తీరు అనడం కన్నా తొక్కడం మానేసే తీరు అనాలి. వీధి చివర రోడ్డు కొంచెం వాలుగా ఉంటుంది. కంటికి కనిపించదు, వాన నీళ్లకి మాత్రమే తెలుసు. ఆ వాలు మొదట్లో ఒక విరిగిన మైలురాయి దగ్గర ఆయన పెడల్ మీంచి బలం తీసేసేవాడు. సైకిలు తన మానాన తాను పోయి, పోయి, సరిగ్గా లాబీ గేటు ముందు ఊపిరి వదిలినట్టు ఆగేది. ఆయన బ్రేకు ముట్టుకోడు. ఎదురుగా ఆవు వస్తే గంట కొడతాడు, ఆవు జరుగుతుంది. ఆయన సైకిలు బ్రేకు రబ్బర్లు మార్చగా చూసిన మనిషి ఆ వీధిలో లేడు.

“బ్రేకు ఏసినావంటే దానికి ముందే ఎక్కడో తప్పు సేసినావన్నమాట,” అనేవాడు. సైకిలు గురించే కాదు, మనుషుల గురించి కూడా అదే అనేవాడు.

ఇంట్లోనూ అంతే. ఇస్త్రీ పెట్టె స్విచ్ తీసేశాక మిగిలిన వేడితో రెండు చొక్కాలు చేసేవాడు. పప్పు సగం ఉడకగానే వంటింట్లోకి వెళ్లి పొయ్యి ఆపేసి, గిన్నె మీద మూత బిగించి, దాని మీద తడిగుడ్డ కప్పి వచ్చేవాడు. ఆ వేడికి అదే ఉడుకుతుందని ఆయన వాదన. అత్తకి ఒళ్లు మండేది. “మీ మావకి పప్పు కూడా గూడ్సు బండేనమ్మా. స్టేసను వచ్చీలోగా కరెంటు ఆపీడమే,” అని నాతో మొత్తుకునేది. పప్పు ఉడికేది. అత్తకి అదే ఇంకా కోపం.

ఆ వీధి రైలు లైనుకి ఆనుకునే ఉంటుంది. గూడ్సు పోతున్నంత సేపూ అక్కడ ఎవరి మాట ఎవరికీ వినపడదు కాబట్టి మాటలు ఆపేయడం అందరికీ అలవాటు. చప్పుడు తగ్గగానే మిగతావాళ్లు అందుకుంటారు. మావయ్య అందుకోనిచ్చేవాడు కాదు. చూపుడు వేలు పైకెత్తి, చివర గార్డు పెట్టె కూడా కనిపించకుండా పోయేదాకా ఆ వేలు దించడు. “తోక దాటనీ,” అనేవాడు. నీళ్ల కుళాయి దగ్గర ఇద్దరు ఆడవాళ్లు జుట్లు పట్టుకోబోతుంటే ఇలాగే వేలు పైకెత్తి నిలబడ్డాడట. బొగ్గు బండి, పొడుగైనది. తోక దాటాక ఆ ఇద్దరిలో ఒకామె “ఏటంటున్నాను నాను?” అని అడిగిందట. ఇది నేను చూడలేదు. అత్త చెప్పింది, అత్త కోతలు కోయదు.

నా పని గురించి కొంచెం చెప్పాలి, విసుగు లేకుండా చెప్పడానికి ప్రయత్నిస్తాను. గూడ్సు బండిని కదిలించడానికి బోలెడు కరెంటు కాలుతుంది. డ్రైవరు ఎక్కడ శక్తి ఇవ్వాలి, ఎక్కడ తీసేసి బండిని దాని ఊపు మీద వదిలేయాలి అన్నది సరిగ్గా తెలిస్తే అందులో చెప్పుకోదగ్గ భాగం మిగులుతుంది. ఇంజినులో ఒక స్క్రీను పెట్టి, ముందున్న ఎత్తులూ పల్లాలూ లెక్కగట్టి, ‘ఇప్పుడు తీసెయ్యండి, ఇప్పుడు ఇవ్వండి’ అని చెప్పించడం మా సంస్థలో నాకు అప్పగించిన పని. దాని మీద నా జుట్టు నెరిసింది. ఇంజిన్ల మీటర్ల నుంచి రీడింగులు తెప్పించుకుని మొదట ఏడాది పాటు చూశాను. ఒకే లైను, ఒకే బరువు, కానీ కొన్ని ట్రిప్పుల్లో కరెంటు బాగా తక్కువ కాలుతోంది. మీటరు పాడైందనుకుని పరీక్షకి పంపించాను. మీటరు శుభ్రంగా ఉందని తిరిగి వచ్చింది. అప్పుడు గానీ డ్రైవరు ఎవరో చూడాలని తోచలేదు. చూస్తే, మా వీధి మావయ్య.

అడిగితే నవ్వాడు. “అలిసిపోయినోడే బండి బాగా నడుపుతాడమ్మా. ఒంట్లో ఓపికున్నోడు ఊరికే శక్తి పెంచీ నాచీలు లాగేత్తాడు, మళ్లీ బ్రేకేత్తాడు. నాకు ఆ ఓపిక ఎప్పుడో పోనాది. బండి దాని మానాన అది పోతానంటే నానెందుకు అడ్డం?”

ఇది మాటవరసకి అన్నది కాదు. ముప్పై ఆరేళ్లు ముక్కలు ముక్కలుగా నిద్రపోయిన మనిషి ఆయన. కళ్ల కింద సంచులు, మోకాళ్లలో నొప్పి, కూర్చుంటే లేవడానికి రెండు ప్రయత్నాలు. అలుపుని ఆయన ఒక పనిముట్టుగా మార్చుకున్నాడు. నాకు ఆ వయసు రాకముందే అంత అలుపూ వచ్చింది, పనిముట్టు మాత్రం కాలేదు.

ఆయనతో ఇంజిన్లో చాలాసార్లు వెళ్లాను. సీట్లో నడుము అదిమి కూర్చునేవాడు. బండి వెనక భాగం ఏం చేస్తోందో నడుముకే తెలుస్తుందనేవాడు. పైన కరెంటు తీగలో అక్కడక్కడా కొంత మేర కరెంటు ఉండదు. ఆ జాగా రాగానే డ్రైవరు అన్నీ ఆపేసి, బండిని ఊపు మీద దాటించాలి. అందరికీ అది చిరాకు. మావయ్య మాత్రం రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, పెద్దమనిషి ఎదుట కూర్చున్నట్టు కూర్చునేవాడు. “ఇది బండి సొంతంగా నడిసీ జాగా. మనం మర్యాదగా ఉండాల,” అనేవాడు. ఫ్యాన్లన్నీ ఆగిపోయి ఇంజిను నిశ్శబ్దమైన ఆ కొద్దిపాటి సేపట్లో ఆయన ముఖంలో కనిపించిన విశ్రాంతి ఆయన ఇంట్లో కూడా నేను చూడలేదు.

ఒక ఆదివారం నా లెక్కల కాగితాలు పట్టుకుని ఆయన అరుగు మీదికి వెళ్లాను. గ్రాఫు చూపించాను. ఎత్తు గీత మీద ఒక నల్లటి చుక్క.

“ఈ సుక్క ఏటి?”

“అదే బండి, మావయ్యా.”

“మొత్తం బండా?”

“మొత్తం. లెక్క సులువు అవుతాదని బరువంతా ఒక చోట ఉన్నట్టు అనుకుంటాం. అందరూ అలాగే చేస్తారు.”

ఆయన ఆ చుక్క మీద వేలు పెట్టాడు. “యాభై ఎనిమిది వ్యాగన్లని సుక్క సేసినావా తల్లీ,” అన్నాడు. వెక్కిరింత లేదు. చచ్చిపోయిన వాళ్ల గురించి అడిగినట్టు అడిగాడు. తరవాత లేచి, తీగ మీద ఆరిన అత్త చీర తెచ్చి, అరుగు మీదున్న బెంచీకి అడ్డంగా వేశాడు. కొంగు బెంచీకి ఇవతల, మిగతా చీరంతా అవతల నేల మీద. “కొంగు ఇంజిను. సూడు.” కొంగు పట్టుకుని మెల్లగా లాగాడు. “ఇంజిను ఎత్తు దాటీసింది, దిగుతున్నాది. నీ స్క్రీను పెట్టె ఏటంటాది? ఎత్తు అయిపోనాది, శక్తి తీసీ అంటాది. అవునా? మరి అవతల ఇదంతా ఏటి? ఇదింకా ఎక్కుతున్నాది గదా. నువ్వు ఇక్కడ తీసేత్తే అది ఎనక్కి ఈడుత్తాది. ముందుది కిందకి లాగుతాది. మద్దిలో పేనం పోతాది.”

“మరి మీరేం చేస్తారు?”

“తోక దాటనిత్తాను.”

లోపలి నుంచి అత్త కేకేసింది. “ఆరిన సీర మట్టిలో దొర్లిత్తున్నారేటి మావాకోడళ్లు?”

ఆయన చెప్పింది అక్షరాలా నిజమని నాకు తెలుసు. చుక్క లెక్క చిన్న బండ్లకి చెల్లుతుంది, ముప్పాతిక కిలోమీటరు పొడవున్న గూడ్సుకి ఎత్తుపల్లాల మీద చెల్లదు. కానీ తోక చేర్చాలంటే ప్రోగ్రాము మొదటి నుంచి తిరగరాయాలి. ప్రాజెక్టు సమీక్ష దగ్గరపడింది. తరవాతి విడతలో చేరుస్తానని కాగితం మూలన పెన్సిలుతో రాసుకున్నాను. పెన్సిలు రాతల సంగతి మీకు తెలిసిందే.

ట్రయల్ రోజు వచ్చింది. ఆ పనికి మావయ్యనే అడిగి వేయించుకున్నాను. ఆయన రిటైర్మెంటుకి నాలుగు నెలలుంది. టాటానగర్ వైపు నుంచి నిండు బరువుతో ఖరగ్‌పూర్‌కి బండి. మధ్యాహ్నం. ఇంజిన్లో మావయ్య, ఆయన పక్కన అప్పట్లో అసిస్టెంటుగా ఉన్న తపన్, వెనక స్టూలు మీద లాప్‌టాప్‌తో నేను. మొదటి రెండు ఎత్తుల దగ్గర స్క్రీను ‘తీసెయ్యండి’ అన్నా మావయ్య కొంత ఆగి, తన లెక్కలో తీశాడు. బండి పాలమీది మీగడలా జారింది. నా రీడింగు మాత్రం చెడిపోయింది. స్క్రీను చెప్పినట్టు నడిపితే ఏమవుతుందో కొలవడానికి వచ్చాను, మావయ్య నడిపితే ఏమవుతుందో కాదు.

శాల్ చెట్ల అడవి మధ్య మూడో ఎత్తు. ఇంజిను పైకి వచ్చింది. స్క్రీను మీద ‘తీసెయ్యండి’ పడింది. మావయ్య చెయ్యి కదలలేదు.

“తోక దాటనేదమ్మా,” అన్నాడు.

నాకు కోపం వచ్చినప్పుడు వీధి భాష పోయి పుస్తకం తెలుగు వస్తుంది. “దయచేసి ఈ ఒక్కసారి స్క్రీను చెప్పినట్టు చేయండి. మీ ఇష్టం వచ్చినట్టు నడిపితే ఈ ట్రయల్ మొత్తం వృథా అవుతుంది. మళ్లీ అనుమతి రావడానికి ఎన్ని నెలలు పడుతుందో మీకు తెలియదు,” అన్నాను.

ఆయన తల తిప్పి నన్ను చూశాడు. “సదువు మాట వచ్చీసింది,” అని తపన్‌తో అన్నాడు. చిన్నగా నవ్వాడు కూడా. శక్తి తీసేశాడు.

కొంత దూరం ఏమీ జరగలేదు. తరవాత వేగం పడిపోవడం మొదలైంది. వెనక సగం బండి ఇంకా ఎక్కుతూ మమ్మల్ని వెనక్కి లాగుతోంది. నా చుక్క ఎప్పుడో పల్లంలోకి దిగిపోయింది కాబట్టి, వేగం ఎందుకు తగ్గిందో స్క్రీనుకి అర్థం కాలేదు. ‘శక్తి ఇవ్వండి’ అంది. మావయ్య మళ్లీ నా వైపు చూశాడు. నేను తల ఊపాను. ఆయన ఇచ్చాడు. రెండు వైపులా లాగుడు పడుతున్న వ్యాగన్లన్నీ ఒక్కసారిగా సాగాయి. ఆ కుదుపు వెనక నుంచి మా దాకా వచ్చేలోపే ఆయన నడుముకి తెలిసిపోయింది. కళ్లు మూసుకున్నాడు. మధ్యలో ఎక్కడో రెండు వ్యాగన్లని కలిపే కప్లింగ్ తెగింది. బ్రేకుల గాలి గొట్టం ఊడి అవి వాటంతట అవే పడ్డాయి, రెండు ముక్కలూ అడవిలో ఆగిపోయాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. వెనక వచ్చే బండ్లన్నీ సాయంత్రం దాకా నిలిచిపోయాయి.

తపన్ దిగి వెనక్కి నడిచి వెళ్లాడు. మేమిద్దరమే మిగిలాం. మావయ్య నీళ్ల సీసా నాకు ఇచ్చి, “తాగు. నీ కంప్యూటరు మీద పడకుండా తాగు,” అన్నాడు.

విచారణలో ఆయన ఇచ్చిన వాంగ్మూలం ఒక్క వాక్యం: శక్తి తీసి ఇవ్వడంలో నా అంచనా తప్పింది. నన్నూ రాసివ్వమన్నారు. నేను మా ప్రాజెక్టు పుస్తకంలో ఉన్న మాటే దించాను: పరికరం ఇచ్చేది సలహా మాత్రమే, నిర్ణయం డ్రైవరుదే. అందులో అబద్ధం లేదు. అబద్ధం లేని వాక్యంతో ఒక మనిషిని ముంచవచ్చని నాకు ఆ రోజే తెలిసింది. సమీక్ష మూడు వారాల్లో ఉంది. నేనే చెప్పి చేయించానంటే ప్రాజెక్టు అక్కడితో సరి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నేను ఆలోచించింది అదే.

బయట సైకిలు స్టాండు దగ్గర ఆయన్ని పట్టుకున్నాను. “ఎందుకు మావయ్యా అలా రాసినారు?”

“మరేటి రాయమంటావు? పెట్టె మీద ఎట్టితే పెట్టెని పీకేత్తారు. మళ్లీ ఎవడూ ఆ జోలికి పోడు. నా మీద ఎట్టితే నన్ను పీకుతారు. నాకెలాగూ నాలుగు నెల్లే.” సైకిలు తాళం తీశాడు. “నువ్వు రాసింది సదివినాను. సక్కగా రాసినావు. కానీ అందులో తోక ఎట్టు తల్లీ. ఒట్టి బుర్రకాయతో బండిని ఒదిలీకు.”

ఆ నాలుగు నెలలూ ఆయనకేమిటో ఈ ఊరు తెలియనివాళ్లకి చెప్పాలి. డ్రైవరు రిటైరయ్యే రోజు ఆఖరి బండికి బంతిపూల దండలు వేస్తారు. ఇంజిను ముందు అరటి మొక్కలు కడతారు. బండి వచ్చి ఆగేచోట డప్పులు, మిఠాయిలు, ఇంటిల్లిపాదీ. ఇంజిను దిగిన డ్రైవరు భార్య చేతికి తన జెండాలు ఇస్తాడు. ఖరగ్‌పూర్ రైల్వే ఇళ్లలో పెళ్లి ఫొటో లేని ఇల్లుంటుందేమో గానీ ఈ ఫొటో లేని డ్రైవరు ఇల్లు ఉండదు. అత్త అప్పటికే ఏ చీర కట్టుకోవాలో తీసి పెట్టుకుంది. బెంచీ మీద ఆయన పరిచింది ఆ చీరేనని నాకు తరవాత తెలిసింది.

ఆయన్ని బండ్ల మీది నుంచి తీసి లాబీలో కూర్చోబెట్టారు. ముప్పై ఆరేళ్లు బండి నడిపిన మనిషి నాలుగు నెలలు గొట్టం పట్టుకుని, వచ్చే పోయే డ్రైవర్ల నోటి ముందు పెట్టి, “ఊదు నాయినా,” అన్నాడు. నేను పనిమీద లాబీకి వెళ్తే నా ముందు కూడా గొట్టం పెట్టి, “నువ్వూ ఊదు, ఇంజినీరమ్మవి గదా, ఏటి తాగి లెక్కలు కట్టినావో,” అని ఏడిపించేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. ఆ తరవాత లాబీకి వెళ్లాల్సిన పనులు వేరేవాళ్లకి అప్పగించడం మొదలుపెట్టాను. ఆఖరి రోజున టేబులు దగ్గరే ఒక దండ వేసి, టీ, సింగాడా, అదే సమోసా, ఇచ్చారట. ఆయన సైకిలెక్కి ఇంటికి వెళ్లాడట. నేను ఆ రోజు సెలవు పెట్టాను.

తోక పెట్టాను. ఏడాది పైనే పట్టింది. ఇప్పుడు స్క్రీను ఇంజినుని చూడదు, బండి పొడవంతా చూస్తుంది. ఎత్తు దాటగానే తొందరపడదు. ప్రోగ్రాములో ఆ ఆగే లెక్కకి నేను పెట్టిన పేరు కూడా ఇంగ్లీషు అక్షరాల్లో ‘తోక’ అనే. ఒక మీటింగులో ఇదేమిటని అడిగితే, ఏవో నాలుగు పెద్ద మాటల పొడి అక్షరాలని బొంకాను. వాళ్లు రాసుకున్నారు. ఆయన పేరు చెప్పడానికి అంతకన్నా మంచి సందర్భం నాకు రాదు. వచ్చినా అలాగే బొంకేదాన్నేమో.

తపన్ చెప్పిన మర్నాడు పొద్దున్న సైకిలు మీద వెళ్లాను. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి ఆ వెనక వీధిలోనే, లైనుకి మరింత దగ్గరగా, రెండు గదుల ఇల్లు తీసుకున్నారు. అత్త అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి ఏడవలేదు, ఎందుకు రాలేదని అడగలేదు. “కూకో,” అంది. లోపల పప్పు ఉడుకుతున్న వాసన. గోడ మీద ఆయన ఫొటో, దండ. మామూలు ఫొటో. ఇంజిను లేదు.

అత్తే ఎత్తుకుంది. “ఆకర్న సెయ్యి తప్పిపోనాదమ్మా. ముప్పయ్యారేళ్లు తప్పని సెయ్యి. ఎన్ని మాటలన్నానో. కునుకు తీసినావా, కళ్లు కనపడక నడిపినావా, పూలబండి దిగుతావని నాను సీర తీసి ఎట్టుకుంటే గొట్టం పట్టుకుని కూకున్నావు అన్నాను. ఒకపాలి కాదు, రోజూ అన్నాను. నవ్వీసి ఊరుకునీవోడు.”

ఆయన ఇంట్లో కూడా చెప్పలేదన్న సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. ఆవిడకి తెలుసుననీ, అందుకే నా ముఖం చూడటం ఇష్టముండదనీ అనుకుని ఈ వీధికి రావడం మానేశాను. మానేయడానికి ఆ కారణం నాకు బాగా పనికొచ్చింది.

“అత్తా, ఆ రోజు—” అన్నాను.

గూడ్సు వచ్చేసింది. అరుగు అదురుతోంది. అత్త చూపుడు వేలు పైకి లేచింది, ఆవిడకి తెలియకుండానే. బొగ్గు బండి, పొడుగైనది. మాట మార్చుకోవడానికి నాకు బోలెడు టైము దొరికింది. ఆరోగ్యం ఎలా ఉంది అనవచ్చు. ఏమైనా కావాలంటే చెప్పు అనవచ్చు. ఒక్కో వ్యాగను దాటుతుంటే ఒక్కో మాట తట్టింది. గార్డు పెట్టె దాటింది. అది మలుపు తిరిగేదాకా అత్త వేలు దించలేదు.

“తోక దాటనేదని మావయ్య సెప్పినాడత్తా,” అన్నాను. “నానే తియ్యమన్నాను. నా రీడింగు కోసం. ఆయన సెయ్యి తప్పనేదు.”

అత్త నన్ను చూడలేదు. ఫొటోని చూసింది.

“ఆయన సెప్పకపోతే సెప్పకపోనాడు,” అంది ఆఖరికి. గొంతు పెంచలేదు. “నువ్వు సెప్పొచ్చు గదా. సైకిలు మీద పావుగంట. నానన్న మాటలన్నీ ఇప్పుడు ఎవల దగ్గిరకెల్లి ఎనక్కి తీసుకోను?”

అత్త నా వైపు తిరిగింది.

“ఆపీసోల్లకి సెప్పినావా?”

“నేదత్తా.”

“రాసియ్యి. నీ పేరూ ఆయన పేరూ ఎట్టి రాసియ్యి. ఆ కుర్సీలో కూకోబెట్టినోల్లు సదవాల.”

లేచి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లోపలికి వెళ్లింది. పొయ్యి మీట తిప్పిన చప్పుడు వినిపించింది. గిన్నె మీద మూత పడింది. తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

“పప్పు సగమే ఉడికినాది. పొయ్యి ఆపీసినాను. నువ్వు రాసిచ్చి వచ్చీసరికి అదే ఉడుకుతాది,” అంది. “ఎల్లు.”

సైకిలు తీశాను. పాత వీధి చివర విరిగిన మైలురాయి వచ్చింది. ఆయనైతే అక్కడ తొక్కడం ఆపేసేవాడు. నేను లాబీ గేటు దాకా తొక్కుతూనే వెళ్లాను.